బడిని దేనితో కొలవాలి?

 

పదో తరగతి ఫలితాలు రాగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు. నూరు శాతం ఉత్తీర్ణత వచ్చిన బడికి శాలువా, తగ్గిన బడి హెడ్మాస్టరుకు సంజాయిషీ నోటీసు. ఆరో తరగతిలో చేరేనాటికి ఆ పిల్లలకు చదవడం వచ్చో రాదో, లెక్కల టీచరు పోస్టు ఎన్నాళ్లు ఖాళీగా ఉందో ఎవరూ అడగరు. దీన్ని జవాబుదారీతనం అనడానికి నేను ఒప్పుకోను.

ఇంతకన్నా మంచి దారి మన నేలమీదే పరీక్షకు నిలిచింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని సర్కారు ప్రాథమిక బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. క్షేత్రస్థాయిలో దాన్ని నడిపింది అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్. వంద బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు రాసిచ్చారు. తరగతులు చూసి వెళ్లారు. చూసినప్పుడు టీచర్లు చురుగ్గా కనిపించారు. ఏడాది చివర ఆ పిల్లల మార్కులు మాత్రం మిగతా బడుల కన్నా పెరగలేదు. తనిఖీలనే నమ్ముకున్న మన విద్యాశాఖ ఈ ఒక్క ఫలితాన్ని శ్రద్ధగా చదివితే చాలు.

మరికొన్ని బడుల్లో పిల్లలు ఏడాదిలో సాధించిన మెరుగుదలను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. పాస్ శాతంతో పని లేదు. ఏమీ రాని పిల్లవాడు కూడబలుక్కుని చదివే స్థితికి వచ్చినా అది లెక్కలోకి వచ్చింది. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు తెలుగులో, లెక్కల్లో ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా.

భయపెడితే ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటా చూపింది. మార్కుల ఒత్తిడి తట్టుకోలేక టీచర్లే పిల్లల జవాబులు చెరిపి దిద్దారు. 2011 నాటి విచారణ నివేదికలో 44 బడులు, 178 మంది సిబ్బంది పేర్లు తేలాయి. అక్కడ మోసపోయింది చదువు రాని పిల్లలే. వాళ్లకు సాయం అవసరమని కాగితం మీద కనిపించకుండా పోయింది.

పని ఎగ్గొట్టేవారిని వెనకేసుకు రావడానికి ఇదంతా చెప్పడం లేదు. 2003లో ముందుగా చెప్పకుండా వెళ్లి చూసిన జాతీయ సర్వేలో నలుగురు సర్కారు టీచర్లలో ఒకరు బడిలో లేరు. అది పేదవాడి బిడ్డకు జరిగిన అన్యాయమే. అయితే 2009 విద్యాహక్కు చట్టం ప్రభుత్వం మీద కూడా బాధ్యత పెట్టింది. ప్రాథమిక స్థాయిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలంది. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనేతర పనులు అప్పగించవద్దంది. ఆ బాధ్యత తీర్చకపోతే సంజాయిషీ ఎవరు ఇస్తారు?

అందుకే ఈ ఉపాధ్యాయ సదస్సు తీర్మానాల్లో రెండు మాటలు చేర్చమని కోరుతున్నాను. బడిని దాని పిల్లల ఎదుగుదలతోనే కొలవాలి. ఏ హెడ్మాస్టరుకైనా నోటీసు ఇచ్చే ముందు, ఆ బడికి ఇవ్వాల్సినవన్నీ ఇచ్చామని జిల్లా అధికారి రాతపూర్వకంగా చెప్పాలి.