రాత్రిపూట రాయిలోంచి వచ్చిన పురుగు

లైట్లు ఆపాక మీ రీఫ్ ట్యాంక్‌లో ఎప్పుడైనా టార్చ్ వేసి చూశారా? పగలు కనపడనివన్నీ అప్పుడే బయటికొస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు లైవ్ రాక్ సందులోంచి జానెడు పురుగు, ఒళ్ళంతా నూగు. భయపడిపోయి రాళ్ళన్నీ తీసి మంచినీళ్ళలో ముంచేశాను. పురుగు చచ్చింది, రాళ్ళలోని మంచి బ్యాక్టీరియా కూడా చచ్చింది. అమ్మోనియా పెరిగి నాలుగు రోజుల్లో రెండు క్లౌన్ ఫిష్‌లు పోయాయి.

అది మామూలు బ్రిసిల్ వార్మ్ అండీ. మిగిలిపోయిన మేత తిని ట్యాంక్ శుభ్రం చేస్తుంది. చేత్తో మాత్రం ముట్టుకోకండి, ఆ నూగు చర్మంలో దిగి మంట పుడుతుంది. లావుగా ఉండి, తెల్లటి కుచ్చుల పక్కన ఎర్రటి మొప్పలు కనిపిస్తే మాత్రం ఫైర్ వార్మ్ అని అనుమానించండి. అది కోరల్స్‌ని తింటుంది.

అసలు భయపడాల్సింది ఐప్టేసియాకి. గోధుమరంగులో, బుల్లి తాటిచెట్టులా ముద్దుగానే ఉంటుంది. గీకారో, తెగిన ముక్కలు మళ్ళీ మొలుస్తాయి. పెప్పర్‌మింట్ రొయ్యల్ని వదిలి చూడండి. కొన్ని తింటాయి, కొన్ని అసలు పట్టించుకోవు.

ఇక ట్యాంక్‌లోంచి టక్‌మని శబ్దం వస్తోందా? పిస్టల్ రొయ్య కావచ్చు, మాంటిస్ రొయ్య కావచ్చు. రెండోదైతే చేపలకు ముప్పే. దాన్ని పట్టే పద్ధతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.