మూసిన గదిలో కుంపటి



మన నెల్లూరు తీరములో చలి అంటే ఉత్తరాది వారు నవ్వుతారు. డిసెంబరు, జనవరి నెలలలో కూడ ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగా 20 డిగ్రీల ప్రాంతములోనే ఉంటుంది. అయినా ధనుర్మాసపు తెల్లవారుజామున కయ్యలో నీరు కట్టడానికి దిగిన మనిషికీ, రొయ్యల గుంట గట్టు మీద రాత్రంతా కావలి తిరిగిన మనిషికీ ఈ లెక్క చెప్పి ప్రయోజనము లేదు. మనకు వానలు ముఖ్యముగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనములో. నేల తడి, గాలి తడి, కట్టుకొన్న బట్ట తడి. తడిసిన ఒంటి నుంచి వేడి త్వరగా పోతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. అప్పుడు నిప్పు దగ్గరకు చేరడము ఎవరికైనా సహజమే.

ఆ నిప్పును గురించే నేడు మీతో ముచ్చటించదలచినాను. చలి కాచుకోవద్దని చెప్పడానికి కాదు. కుంపటి మనకు తాతల నాటి నుంచి తోడున్న వస్తువు. అయితే కుంపటి మారలేదు గాని, దానిని పెట్టుకొనే గది మారినది. ప్రమాదమంతా అక్కడ ఉన్నది.

వెనుకటి కావలి గుడిసె ఎట్లా ఉండేదో పెద్దలకు తెలుసు. తాటాకు కప్పు, కంప గోడ, తలుపు స్థానములో ఒక తడిక. ఎటు చూసినా సందులే. లోపల కుంపటి రాజేస్తే వేడిలో సగము బయటికి పోయేది, దానితోపాటు విషవాయువూ పోయేది. ఆనాటి భయము వేరు, కప్పు అంటుకొంటుందేమోనని. నేడు తీరము వెంబడి గుంటల దగ్గర, మోటారు దగ్గర సిమెంటు గదులు వచ్చినవి. పైన శ్లాబు, ఇనుప తలుపు, ఉన్న ఒక్క కిటికీకి దోమల కోసము, చలిగాలి కోసము గోనెసంచి అడ్డము. ఆ గదిలో, పాత గుడిసెలో పెట్టినట్లే, సిమెంటు తట్టలో నాలుగు దోసిళ్ళ బొగ్గులు పోసి రాజేసుకొని, తలుపు వేసుకొని పడుకొంటున్నారు. కప్పు అంటుకోదు, నిజమే. కాని గాలి కదలదు.

బొగ్గు కాలడము గురించి కొంచెము వివరముగా చెప్పుకోవలెను. ఇది తెలిస్తే తక్కిన జాగ్రత్తలు ఎవరూ చెప్పనక్కరలేదు. బొగ్గుకు గాలి బాగా అందితే అది బొగ్గుపులుసు వాయువుగా మారి పోతుంది. కాని కుంపటిలో బొగ్గులు గుట్టగా ఉంటాయి. అడుగున పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఎర్రగా కాలుతున్న పై బొగ్గుల సందులలో నుంచి పోతూ కార్బన్ మోనాక్సైడు అనే మరొక వాయువుగా మారుతుంది. కుంపటి మీద అప్పుడప్పుడు చిన్న నీలిమంట ఆడడము మీరు చూచి ఉంటారు. అది ఈ వాయువు పైకి వచ్చి మండిపోవడమే. ఆ నీలిమంట ఆగిపోయి, బొగ్గుల మీద బూడిద కమ్మినప్పుడు మనము “నిప్పు చల్లబడినది, ఇక భయము లేదు” అనుకొంటాము. నిజానికి అప్పుడు ఆ వాయువు మండకుండానే గదిలోకి వస్తూ ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అని ఊరకే అనలేదు.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. పచ్చికట్టెల పొగ అయితే మనిషిని బయటికి తరుముతుంది. బొగ్గు నిప్పు ఏ హెచ్చరికా చేయదు. “మాది పొగరాని కుంపటి” అని సంతోషించేవారు ఈ సంగతి గమనించవలెను. ఈ వాయువు గాలి కన్న ఏ కొంచెమో తేలిక, గాలిలో బాగా కలసిపోతుంది. కాబట్టి నేల మీద పడుకొన్నా, నులకమంచము మీద పడుకొన్నా ఒకటే. నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థమును ఇది ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ప్రాణవాయువు మాత్రము అందదు.

ఉత్తర భారతదేశములో చలికాలము వచ్చినదంటే, గదిలో అంగీఠీ పెట్టుకొని నిద్రించిన కుటుంబములు తెల్లవారేసరికి మరణించి ఉన్న వార్తలు పత్రికలలో కనబడుతూనే ఉంటాయి. చదువుకొన్నవారికి ఇది జరగదనుకోవద్దు. ఫ్రెంచి నవలా రచయిత ఎమిలీ జోలా 1902 సెప్టెంబరులో పారిస్ నగరములో తన పడకగదిలోనే ఈ వాయువు వల్ల మరణించినాడు. ఆ గది పొగగొట్టము మూసుకొని పోయినది.

బొగ్గు సంగతి ఇది. మన దగ్గర వరి ఊకకు కొదువ లేదు. 100 కిలోల ధాన్యము మర పట్టిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. అంటే మన నెల్లూరు పుట్టి, 850 కిలోలకు, దాదాపు 170 కిలోలు. సరుగుడు బొగ్గుల మీద ఊక కప్పితే నిప్పు తెల్లవార్లూ ఆరదు. అందుకే కావలివారికి ఊక కుంపటి అంటే ఇష్టము. అయితే మంట లేకుండా కుములుతూ కాలే ఏ పదార్థమైనా ఈ వాయువును ఎక్కువగా ఇస్తుంది. ఊక అయినా, పిడక అయినా, సర్కారు తుమ్మ బొగ్గు అయినా తేడా లేదు. తెల్లవార్లూ నిలిచే నిప్పు తెల్లవార్లూ విషము ఇచ్చే నిప్పు కూడ.

మరి ఏమి చేయవలెను? నిప్పును ఆరుబయటనో, మూడు వైపుల తెరపి ఉన్న వసారాలోనో పెట్టుకొని, కాచుకొని, గదిలోకి వెళ్ళేటప్పుడు దానిని బయటనే వదలవలెను. కిటికీ రెండు అంగుళములు తెరిచి ఉంచినాము చాలదా అని అడుగుతారు. చాలదు. గాలి ఎటు నుంచి వీస్తుందో, ఎప్పుడు పడిపోతుందో ఎవరికి తెలుసు? నిద్రపోయే మనిషి గదిలో కాలే నిప్పు ఉండరాదు. ఈ ఒక్క విషయములో బేరము పనికిరాదు. దోమల కోసము వేపాకు పొగ వేసేవారు సాయంత్రమే తలుపులు తీసి వేసి, కుంపటిని బయట పెట్టి, రాత్రికి దోమతెర కట్టుకోవలెను. ఇంకొక మాట. చలికి మందని నాలుగు గుక్కలు తాగడము కొందరికి అలవాటు. తాగితే చర్మము వెచ్చబడినట్లుంటుంది గాని లోపలి వేడి బయటికి పోతుంది. పైగా మత్తునిద్రలో ఉన్నవాడికి తలనొప్పి వచ్చినా మెలకువ రాదు.

పడుకొనేటప్పుడు వెచ్చదనము కావలెను గదా అంటారా? నిప్పును కాదు, వేడిని లోపలికి తీసుకొని పోండి. మన ఇండ్లలో కాపడము పెట్టడము అందరికీ తెలుసు. ఇసుకను గాని, రాళ్ళ ఉప్పును గాని మూకుడులో వేయించి, రెండు మడతల గుడ్డలో మూట కట్టి, చేతులలో పట్టుకొంటే, దుప్పటిలో కాళ్ళ దగ్గర పెట్టుకొంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది. వేడినీళ్ళ రబ్బరు సంచి కూడ మంచిదే. అన్నిటి కన్న ముందు తడిబట్ట మార్చుకోవలెను. సిమెంటు నేల మీద మందముగా వరిగడ్డి పరచి, పైన గోనెసంచులు వేసి, గొంగళి కప్పుకొంటే కుంపటితో పని ఉండదు. నేల చెమ్మ ఒంటికి తగలకుండా ఆపితే సగము చలి పోయినట్లే.

ఒంటికి ఆనించుకొనే కుంపట్లు లోకములో ఇంకా ఉన్నవి. కాశ్మీరులో కాంగ్డీ అని, వెదురు వంటి పుల్లలతో అల్లిన బుట్టలో మట్టిపాత్ర పెట్టి, నిప్పులు పోసి, పొడుగు అంగీ లోపల పొట్టకు ఆనించుకొని తిరుగుతారు. ఏండ్ల తరబడి ఆ వేడి తగిలిన చోట చర్మము మీద వలలాంటి మచ్చలు పడతాయి. కొందరికి అక్కడ పుట్టకురుపు, అనగా క్యాన్సరు, రావడమును వైద్యులు 19వ శతాబ్దములోనే గుర్తించినారు. జపానులో 1923లో నీచి మతోబా అనే ఆయన జేబులో పట్టే లోహపు పెట్టె తయారుచేసినాడు. బెంజీను ఆవిరి ప్లాటినము తగిలి, మంట లేకుండా వేడినిస్తుంది. అదీ ఇంధనమును కాల్చేదే గనుక మూసిన చోట తగదు. బదరీనాథ యాత్రకు పోయేవారు ఈనాడు కొనుక్కొనే చిన్న సంచులు వేరు. వాటిలోని ఇనుప పొడి తుప్పు పట్టడము వల్ల వేడి పుడుతుంది. వాటితో ఈ వాయువు భయము లేదు, కాని ఒంటికి ఆనించుకొని నిద్రపోతే చర్మము కమలుతుంది.

మధుమేహము ఉన్నవారు ఈ మాట ప్రత్యేకముగా వినవలెను. చాలామందికి అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటుంది. కుంపటి దగ్గర కాళ్ళు చాపుకొని, వేడి తెలియక, తోలు ఊడేదాకా కాల్చుకొంటారు. ఆ పుండు మానడము కష్టము. అట్టివారు నిప్పుకు గాని, వేడినీళ్ళ సంచికి గాని కాళ్ళు ఆనించరాదు. మేజోళ్ళు తొడుక్కొంటే చాలును.

బాలింత గది సంగతి తల్లులకు, అత్తలకు చెప్పవలెను. గాలి సోకుతుందని కిటికీలు మూసి, మంచము కింద కుంపటి పెట్టడము మన వైపు పాత ఆచారము. బిడ్డకు వెచ్చదనము కావలసిన మాట నిజమే. దానికి తల్లి రొమ్మును మించిన కుంపటి లేదు. బిడ్డను తల్లి ఎదకు, చర్మము చర్మమునకు తగిలేటట్లు ఆనించి, పైన గుడ్డ కప్పి, తలకు కుళ్ళాయి పెడితే చాలును. బరువు తక్కువగా పుట్టిన బిడ్డలకు ఆసుపత్రులలోనూ ఇదే చేయిస్తున్నారు. సాంబ్రాణి పొగ పసివాని ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెద్దవాళ్ళ మాట కాదనలేక వేసినా, బిడ్డను నిప్పుల మీదుగా పట్టకుండా, తలుపులు తీసి, గదిలో బిడ్డ లేనప్పుడు వేయండి. గర్భిణి ఉన్న గదిలో నిప్పు అసలే వద్దు. ఈ వాయువు తల్లి కన్న కడుపులోని బిడ్డకు ఎక్కువ హాని చేస్తుంది.

కోళ్ళు పెంచేవారికి కుంపటితో పని తప్పదు. పిల్లలకు మొదటి వారము 35 డిగ్రీల వేడి కావలెను, తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకొంటూ పోవలెను. కరెంటు బల్బులున్నా, కరెంటు పోయిన రాత్రి బొగ్గులే దిక్కు. బొగ్గులను షెడ్డు బయట బాగా రాజేసి, ఎర్రబడిన తరువాతనే లోపలికి తేవలెను. చుట్టూ పరదాలు దించినా పైభాగమున జానెడు మేర తెరచి ఉంచవలెను. పిల్లలు ఒకచోట గుమికూడితే చలి, దూరముగా చెదరితే వేడి ఎక్కువ. వేడి సరిగా ఉన్నా తూగుతూ, నోరు తెరచి ఒగరుస్తుంటే గాలి చెడినదేమో అనుమానించి వెంటనే పరదాలు ఎత్తవలెను. బ్రిటన్ బొగ్గు గనులలో 1986 వరకు పంజరములో కెనరీ పిట్టలను దింపేవారు. మనిషి కన్న ముందు పిట్ట పడిపోయేది. మీ కోడిపిల్లలు తూగుతుంటే మీరు కూడ ఆ షెడ్డులో కూర్చుండరాదు.

మన తీరమునకు గండములు ఎక్కువగా నవంబరులోనే వస్తున్నవి. 1989లో కావలి దగ్గర తీరము దాటిన తుఫాను, 2015 వరదలు, 2021లో పెన్నా వరదలు, అన్నీ ఆ నెలలోనివే. కరెంటు ఉండదు, వాన వల్ల తలుపులు తీయలేరు. అప్పుడు కుంపటే కాదు, జనరేటరును కూడ లోపలికి తెస్తారు. జనరేటరు పొగలోనూ ఇదే వాయువు ఉన్నది. దానిని మనుషులు పడుకొనే గదికి దూరముగా, కప్పు ఉన్న ఆరుబయట నడపవలెను. రొయ్యల గుంటల దగ్గర పని చేసేవారిలో బయటి రాష్ట్రముల వారు కూడ ఉంటారు. వారికి మన భాష రాదు, మన ప్రసంగములు అందవు. గది ఇచ్చిన రైతే ఆ గదిలో కుంపటి పెట్టవద్దని దగ్గరుండి చెప్పి, దుప్పట్లు ఇవ్వవలెను. రెండు దుప్పట్ల ఖరీదు ఎంత?

గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడము, వాంతి వచ్చేటట్లుండడము, కాళ్ళలో సత్తువ లేకపోవడము కలిగితే అది జ్వరము కాదు. బయటికి వస్తే తగ్గి, లోపలికి పోతే తిరిగి వచ్చే తలనొప్పి కూడ ఇదే. వెంటనే తలుపులు బార్లా తీసి అందరూ బయటికి రావలెను. తెలివి తప్పిన మనిషిని తీయడానికి వెళ్ళేవారు ఊపిరి బిగబట్టి వెళ్ళి, తలుపు తీసి, ఈడ్చుకొని రావలెను. బయట పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఊపిరి ఆడకపోతే, నేర్చినవారు రొమ్ము నొక్కడము మొదలుపెట్టవలెను. తెలివి లేనివారి నోట మజ్జిగ, నిమ్మనీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోతాయి. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టడమే దీనికి వైద్యము. కోవిడు రోజులలో కొన్న వేలికి తగిలించే యంత్రమును ఇక్కడ నమ్మవద్దు. అది ఈ వాయువు పట్టిన నెత్తురును కూడ మంచి నెత్తురుగానే లెక్కించి, అంకె బాగున్నట్లు చూపుతుంది. మనిషి లేచి కూర్చున్నా వైద్యునికి చూపించవలెను. కొందరికి కొన్ని రోజుల తరువాత, వారముల తరువాత మతిమరపు, నడకలో తడబాటు రావడము ఉన్నది.

ఇక మిగిలినది బూడిద. రాత్రి కాచుకొన్న కుంపటిని తెల్లవారి గడ్డివామి పక్కన బోర్లించడము చాలామంది చేసే పని. పైన చల్లగా ఉన్నా ఊక బూడిద లోపల నిప్పు మరునాటి సాయంత్రము దాకా ఉండవచ్చును. సముద్రపు గాలి లేచినదంటే ఒక్క రవ్వ చాలును. నీళ్ళు చిలకరించి, కదిపి, మళ్ళీ చిలకరించి, చేతికి చల్లగా తగిలిన తరువాతనే కుంపటి ఖాళీ చేయండి. ఆ ఊక బూడిదను సంచికెత్తి తడవకుండా దాచుకొంటే ఎడగారు నారుమళ్ళకు పనికివస్తుంది. విత్తనము చల్లే ముందు మడిలో పలుచగా చల్లి కలిపితే మన్ను గుల్లగా ఉండి, నారు వేర్లు తెగకుండా తేలికగా వస్తుంది.