ఎన్ని లారీలు గావాలె సార్?

ఈరోజు పట్టాలందుకున్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పిల్లలారా, వెనక వరుసల్లో పొద్దున్నుంచీ ఓపిగ్గా కూర్చున్న మీ అమ్మానాన్నల వైపు ఒకసారి చూడండి. పట్టా మీ పేరు మీద ఉంది గానీ, దాని కిస్తీలు కట్టింది వాళ్లే.

స్నాతకోత్సవంలో పెద్ద పెద్ద మాటలు చెప్పాలని ఆనవాయితీ. నాకవి రావు. ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. అన్నేళ్లలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నను మాత్రం దాటేశాను. ఆ బాకీ నన్ను ఇంకా సతాయిస్తూనే ఉంది. ఇవాళ మైకు దొరికింది కాబట్టి మీ ముందు పెడతాను.

కొల్లాపూర్ వైపు ఒక పల్లెలో హైస్కూలు. ఆ ఏడు వానల్లేక సగం ఊరు వలసపోయింది, పదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. పాఠం నియంతలు, ప్రపంచ యుద్ధాలు. నేను బోర్డు మీద ఎప్పటిలాగే రాసేశాను: హిట్లర్ ఎదుగుదలకు కారణాలు, ఐదు మార్కులు. వెర్సాయ్ సంధి, ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం. 60 లక్షల మంది యూదులను చంపారని చెప్పి తర్వాతి పేజీకి పోబోతుంటే ఒకడు లేచాడు. వాళ్ల నాన్న గుంపు మేస్త్రి, కూలీలను పనులకు తీసుకుపోయేవాడు. తండ్రి లెక్కల పుస్తకం రాసేది వీడే.

"సార్, అరవై లక్షలంటిరి గదా. నాలుగేండ్లల్ల అంటే దినానికి నాలుగు వేల మంది. మా నాయిన యాభై మందిని బొంబాయికి తోల్కపోవాలంటెనే పది దినాలు తిరుగుతడు. లారీ మాట్లాడాలె, దారిల బువ్వ జూడాలె, అడ్వాన్సులు రాసుకోవాలె. హిట్లర్ ఒక్కడే గింతమందిని ఎట్ల తోల్కపోయిండు? ఎన్ని లారీలు గావాలె సార్?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. "అది పరీక్షల రాదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు.

నాకు నిజంగానే జవాబు తెలియదు. ఆ పాఠాన్ని నేను ఎప్పుడూ పైనుంచే చూశాను. బాల్కనీలో నిలబడి చెయ్యెత్తిన ముస్సోలినీని, మైకు ముందు ఊగిపోతున్న హిట్లర్‌ని చూశాను గానీ, కింద లారీలు మాట్లాడేవాళ్లు, పేర్లు రాసుకునేవాళ్లు ఎవరో ఎప్పుడూ వెతకలేదు. ఆ పిల్లవాడు కిందినుంచి చూశాడు. వలసపోయే ఇంట్లో పుట్టినవాడికి మనుషుల్ని తరలించడం ఎంత పనో తెలుసు.

ఇంకో తప్పు కూడా చేశాను. ప్రపంచ యుద్ధం అంటే ఎక్కడో యూరపులో జరిగిందన్నట్టే చెప్పాను. మీలో చాలామంది ఇళ్లలో రేషన్ దుకాణాన్ని ఏమంటారు? కంట్రోలు. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర. మీ అమ్మమ్మ నోట్లో ఆ ఇంగ్లీషు మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం నుంచి. సరుకులు కరువై, ధరలు మండిపోయి, సర్కారు ధాన్యాన్ని కంట్రోలులో పెట్టిన రోజులవి. నిజాం ఇలాకాలో రైతు కల్లం దగ్గరే లెవీ కొలిచి తీసుకుపోయేవారు. పండినా పండకపోయినా లెవీ లెవీయే. పెద్ద దొర గల్ల, అంటే ధాన్యం, అటకమీద భద్రంగా ఉండేది, చిన్న రైతు గల్ల బండెక్కేది. సైనికులు ఎక్కడో కొట్టుకుంటుంటే మన పల్లె గాదె ఖాళీ అయింది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాళ్లకు యుద్ధానికి ఇచ్చిన డబ్బు గురించి మీరు విన్నారో లేదో. మొదటి యుద్ధంలో ఆయన సొమ్ముతో కొన్న విమానాల దళానికి 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలతో తలపడ్డ 152 స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. దాని చిహ్నం నిజాం తలపాగా. 'నిజాం' అనే యుద్ధనౌక కూడా ఒకటి ఉండేది, దాన్ని నడిపింది ఆస్ట్రేలియా నావికులు. 1918లో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా ఎడారిలో ఉన్నారు, ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లది. 1914లో ఎమ్‌డెన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఇవి ఏ పరీక్షలోనైనా బిట్లుగా వస్తే రాసుకోండి. నాకు మాత్రం కంట్రోలు అనే మాటే వీటన్నిటికంటే పెద్ద చరిత్ర.

ఇక నియంతృత్వం. దీనికీ మనం జర్మనీ దాకా పోనక్కర్లేదు.

నేను డిగ్రీ చదివింది గద్వాల కోటలో. సోమనాద్రి కట్టించిన కోట, లోపల మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున కాలేజీ. వనపర్తి రాజుల మహలేమో పాలిటెక్నిక్ అయింది. మన జిల్లాల్లో రాజులు పోయినా గోడలు మిగిలి, గోడల్లోకి బెంచీలు వచ్చాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ మందపు గోడల మధ్య చల్లగా కూర్చుని నియంతల గురించి చదువుకున్నాం. ఆ గోడలు ఎవరి మీద లేచాయో అడగాలని మాకెవరికీ తట్టలేదు.

ఆనాటి పాలనంతా ఒకదాని మీద ఒకటి ఎక్కిన బరువు. పైన బ్రిటిష్ వాళ్లు, వాళ్ల కింద నిజాం, నిజాం కింద సంస్థానాలు: గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాల్‌పేట. వాటి కింద పటేలు, పట్వారీ. అన్నిటికీ అడుగున వెట్టి మనిషి. మీటింగు పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. ఆ ఉత్తర్వును నిజాం స్వయంగా వచ్చి అమలు చెయ్యలేదు కదా. దరఖాస్తు తీసుకుని, అందులో తప్పులు వెతికి, రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని తిప్పినవాడు ఒక గుమాస్తా. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని బయటికి పంపేశారు. వాళ్లలో కొందరు నాగపూర్ పోయి చదువు పూర్తి చేసుకున్నారు. పి.వి. నరసింహారావు ఆ గుంపులోవారే. ఆ పేర్ల జాబితా కూడా ఎవరో ఒకరు కూర్చుని రాసే ఉంటారు, బహుశా చక్కటి దస్తూరీతో.

1947లో దేశమంతా జెండాలు ఎగరేస్తుంటే మనకు స్వాతంత్ర్యం రాలేదు. నిజాం కొమ్ముకాసే కాశిం రజ్వీ దళం, రజాకార్లు, ఊళ్ల మీద పడ్డ కాలం అది. ఆ అక్టోబర్ 7న ఆత్మకూరు దిక్కున అప్పంపల్లిలో జనం ఎదురు తిరిగితే పోలీసుల కాల్పుల్లో 11 మంది ప్రాణాలు పోయాయి. మన పాఠ్యపుస్తకంలో జలియన్‌వాలాబాగ్ ఉంటుంది, ఉండాల్సిందే. అప్పంపల్లికి మాత్రం మీరు బస్సెక్కి పోవాలి.

మా నాయనమ్మది అలంపూర్ దిక్కు ఊరు. తుంగభద్ర దాటితే కర్నూలు, అంటే అప్పటికే స్వతంత్ర భారతం. రజాకార్లు వస్తున్నారని కబురొస్తే రాత్రికి రాత్రి పుట్టిలో అవతలి ఒడ్డుకు పోయేవాళ్లట. ఆమె వెంట తీసుకుపోయింది ఒక ఇత్తడి చెంబు, అందులో జొన్నపిండి, పిండిలో దాచిన పుస్తెలు. పుట్టి తోలే మనిషి దూదేకుల సాయిబు. "రూపాయి ఇయ్యబోతే తీసుకోలే నాయినా" అని చెప్పేది. ఆమె దృష్టిలో రజాకార్లూ సాయిబులే, పుట్టి తోలినాయనా సాయిబే. వాళ్లనూ ఈయననూ ఆమె ఏనాడూ కలిపేసుకోలేదు.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఈ చరిత్రను సగం మాత్రమే చెప్పి ఆపేవాళ్లు ఎక్కువ. రజాకార్ల దౌర్జన్యాన్ని తన ఇమ్రోజ్ పత్రికలో ఎండగట్టి, 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో హత్యకు గురైన షోయబుల్లాఖాన్ ముస్లిమే. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ పోలీసు యాక్షన్ తర్వాత మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల్లో ముఖ్యంగా, వేలాది మంది ముస్లింలు హతమయ్యారు. ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. నిజాం లొంగిపోయిన సెప్టెంబర్ 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు, సర్కారు మారితే పేరూ మారుతుంది. పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఆ ఏడు ఏ పేరు నడుస్తుందో కనుక్కుని పొండి. సరదాకు అన్నాను, పూర్తిగా సరదాకూ కాదు.

ఇక్కడే మన జిల్లా మనిషి ఒకాయన గురించి చెప్పాలి. 1896లో పుట్టిన ఇటిక్యాలపాడు మనిషి, సురవరం ప్రతాపరెడ్డి. తెలుగు పేరెత్తడమే కష్టమైన నిజాం రాజ్యంలో 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే వాదించలేదు, 354 మంది కవుల్ని ఒక సంచికలో అచ్చేసి చేతికిచ్చారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో ఇచ్చిన మొట్టమొదటి బహుమతి వచ్చింది. ఆ పుస్తకంలో రాజుల పట్టాభిషేకాల కోసం వెతికితే నిరాశపడతారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ జూదం ఆడారు, ఏ జాతరకు పోయారు, ఆయనకు కావలసింది అదీ. నా క్లాసులో లేచిన పిల్లవాడి ప్రశ్న ఆయన చెవిన పడి ఉంటే కూర్చోమనేవారు కాదు.

నియంతృత్వం మాట వచ్చింది కాబట్టి ఎమర్జెన్సీ గురించీ ఒక్క మాట. 1975 జూన్ నుంచి 21 నెలలు. అప్పుడు కల్వకుర్తి ఎమ్మెల్యే జైపాల్‌రెడ్డి, అధికార పార్టీ మనిషి. ఆ పాలనను వ్యతిరేకించి పార్టీలోంచి బయటికొచ్చారు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీదే పోటీచేసి ఓడిపోయారు. ఓడిపోతానని ఆయనకు తెలియక కాదు.

సరే, పిల్లవాడి ప్రశ్న.

రిటైరయ్యాక తీరిక దొరికి చదివాను. జర్మనీలో 1933 మార్చి 23న పార్లమెంటు తన అధికారాన్నంతా హిట్లర్ చేతిలో పెట్టింది. 444 మంది ఔనన్నారు, 94 మంది కాదన్నారు. అంటే అది కూడా ఓటింగే, లెక్కపెట్టి రాసుకున్నదే. చంపినవాళ్లందర్నీ రైళ్లలో తీసుకుపోలేదు, లక్షల మందిని వాళ్ల ఊరి పక్కనే గుంతల ఒడ్డున నిలబెట్టి కాల్చారు. మిగతావాళ్లను రైళ్లు మోశాయి. లారీల లెక్క అడిగాడు కదా, అక్కడ లెక్క రైలు టికెట్లది. జర్మన్ రైల్వే ఆ మనుషులకు మూడో తరగతి చార్జీ వేసింది, కిలోమీటరుకు 4 ఫెనిగ్‌లు. పదేళ్లలోపు పిల్లలకు సగం టికెట్. నాలుగేళ్లలోపు పిల్లలకు ఉచితం. 400 మందికి పైగా ఉంటే గుంపు రాయితీ. బిల్లు వాళ్లను రైలెక్కించి పంపిన పోలీసు విభాగానికి. ఆ బిల్లులు చూసిన ట్రావెల్ ఏజెన్సీయే సెలవులకు విహారం పోయే కుటుంబాల టికెట్లూ చూసేది.

ఆ రాయితీ వేసిన గుమాస్తా ఎవర్నీ కొట్టలేదు. డిగ్రీ ఉండే ఉంటుంది. సాయంత్రం ఇంటికి పోయి పిల్లల్ని ఎత్తుకునే ఉంటాడు.

మీలో కొందరు గ్రూప్స్ రాస్తారు. కొందరు పంచాయతీ కార్యదర్శులు, కానిస్టేబుళ్లు, బ్యాంకు గుమాస్తాలు అవుతారు. కొందరు హైదరాబాద్‌లో ఏదో కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తారు, అందులో ఎవరి పేరు ఉండాలో, ఎవరి పేరు కొట్టెయ్యాలో తేల్చే ఒక గడి మీ చేతికి వస్తుంది. నియంతలయ్యే అవకాశం మీలో ఎవరికీ లేదు, ఆ సంగతి మీ అమ్మానాన్నలకు హామీ ఇస్తాను. జాబితా రాసే ఉద్యోగం మాత్రం చాలామందికి వస్తుంది.

రెండేళ్ల కింద కర్నూలు బస్టాండులో ఆ పిల్లవాడు కనిపించాడు. పిల్లవాడేం కాదు, మీసాలు నెరుస్తున్నాయి. తండ్రి లాగే గుంపు మేస్త్రి. చుట్టూ మూటలు, పిల్లలు, పలుగు పారలు. పుణే బస్సు కోసం చూస్తున్నారు. కాళ్లకు దండం పెట్టబోతే ఆపి, నీ ప్రశ్నకు జవాబు దొరికింది రా అని మొత్తం చెప్పాను. సగం టికెట్ దగ్గర తల ఊపాడు, అతనికది అలవాటైన లెక్క.

"అందరికీ రానూపోనూ టికెట్ గొట్టిండ్రా సార్?"

"లేదు. వాళ్లకు పోయేదానికే. కావలి పోలీసులకు రానూపోనూ."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చంకలోని పుస్తకం తీసి, మూటల మీద కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, లెక్కపెట్టుకున్నాడు.