నీటిని కడిగే నాచు, కోత కోసే చేతులు
(కార్మిక విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేపల మురుగు ప్రసక్తి ఏమిటని కొందరు నవ్వుకోవచ్చును. రామేశ్వరం బండి ఎక్కినవారికి పాంబన్ వంతెనకు ముందు వచ్చే మండపం స్టేషను గుర్తుండే ఉంటుంది. ఆ తీరంలోనే, మునైకాడు అనే మత్స్యకారుల పల్లె వద్ద, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఒక పద్ధతిని ఆచరణలో పెట్టింది. సముద్రంలో కోబియా చేపలను పెంచే పంజరం చుట్టూ 16 వెదురు తెప్పలు. తెప్పకు 60 కిలోల నాచు. 45 రోజులకొక కోత. కప్పాఫైకస్ అనే ఈ నాచును ఫిలిప్పీన్స్‌లో ఆహారంగా తింటారు. ఐస్‌క్రీమును చిక్కబరచే కారగీనన్ దీనినుండే వస్తుంది.

చేపకు వేసిన మేతలోని నత్రజనిలో అధిక భాగం మాంసంగా మారదు. అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. ఒకచోట పోగుపడితే అది చేపలకే విషం. నాచుకు అదే ఎరువు. వేళ్లు లేని ఈ మొక్క ఒళ్లంతటితోను దానిని పీల్చుకొని పెరుగుతుంది.

అయితే నాచు పీల్చినంత మాత్రాన నీరు శుభ్రపడినట్లు కాదు. కోయకుండా వదిలితే అది కుళ్లి, తిన్నదంతా తిరిగి నీటికే అప్పగిస్తుంది. ఉత్తరం డబ్బాలో పడినంతనే బట్వాడా అయినట్లు కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. నాచును ఒడ్డుకు చేర్చినప్పుడే మురుగు సముద్రాన్ని విడిచిపోతుంది. అనగా నీటిని కడుగుతున్నది నాచు ఒక్కటే కాదు; నడుములోతు నీటిలో నిలిచి తాళ్లకు నాచు ముక్కలు కట్టి, కోసి, ఇసుకపై ఎండబెట్టే చేతులు కూడా. ఆ తీరాన ఈ పనిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారికి దక్కేది ఎండునాచు తూకంపై వచ్చే ధర. నీరు కడిగిన పనికి ఏ పద్దులోనూ లెక్క లేదు.

దీనిని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడం తగదు. అడుగున పేరుకొనే మేత ముక్కలను, పెంటను నాచు ముట్టదు. మన కొల్లేటి ప్రాంతపు మంచినీటి చెరువులలో ఇది బతకదు. పైగా ఇది పరాయి మొక్క. కురుసడై దీవి వద్ద పగడాలపై పాకినట్లు 2008లోనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2013 తరువాత సముద్రపు వేడికి పంట పెద్దయెత్తున చచ్చిపోయింది. ఆ నష్టం తెప్పలవారిదే. మురుగులోని భారలోహాలను కూడా నాచు పీల్చగలదు గనుక, తినే నాచును పరీక్షించి తీరవలసిందే.

రొయ్యల చెరువుల కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, కాలుష్యం కలిగించినవారే దాని ఖర్చు భరించవలెనని తీర్పు చెప్పింది. మన ఆంధ్ర తీరం కూడా ఆ కేసులో ఉన్నది. మునైకాడులో పంజరమూ తెప్పా రెండూ పేద మత్స్యకారులవే. అక్కడ తగవు లేదు. రేపు పెద్ద పెట్టుబడి పంజరాలు దింపి, చుట్టూ తెప్పలు కట్టించి, "మా నీరు శుభ్రం" అని ప్రకటించుకొన్ననాడు పరిస్థితి వేరు. పంజరానికి అనుమతి ఇచ్చే పత్రంలోనే తెప్పల పనివారికి కోతకూలి, పంట పోయిన ఏడు పరిహారం, పంజరం యజమాని ఖాతాలో వ్రాయించాలి. మత్స్యకార సంఘాలతో కూర్చొని ఆ షరతుల ముసాయిదా తయారుచేయడానికి తీరప్రాంత శాఖల కార్యదర్శులు పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.