మనకు అర్థం కాదా?



ఒకరోజు మా అమ్మాయీ, దాని స్నేహితురాలూ ఏదో కొత్త సినిమా గురించి వాదించుకుంటున్నారు. పకోడీల పళ్ళెం అందిస్తూ "ఏమిటే ఆ కథ?" అన్నాను. "నీకు అర్థం కాదులే అమ్మా" అంది. వెక్కిరింపుగా అనలేదు, మామూలుగానే అంది. అదే నాకు గుచ్చుకుంది. మెట్రిక్‌తో చదువు ఆపినమాట నిజమే. అర్థం చేసుకోవడం కూడా అక్కడితోనే ఆపేశానా?

ఈనాటి నాటకం, సినిమా, చిత్రలేఖనం గురించి చెప్పే కోర్సులు లేకపోలేదు. కాని ఇంటిఖర్చులోంచి మనకోసం అంత సొమ్ము తీయడానికి చెయ్యి రాదు కదండీ!

మా పక్కింటి వదినగారు లామకాన్ సంగతి చెప్పారు. బంజారాహిల్స్‌లో ఉంది. ఉర్దూలో 'లా' అంటే లేదు, 'మకాన్' అంటే ఇల్లు. నిజానికి అది ఒకప్పుడు కాపురమున్న ఇల్లే. 2010లో దాని తలుపులు ఊరందరికీ తెరిచారు. నాటకాలు, సినిమాలు, కవిగోష్ఠులు, చర్చలు జరుగుతుంటాయి. చాలావాటికి టిక్కెట్టు లేదు. హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు, "మీరేం చదివారు?" అని అడిగేవారు లేరు.

మా పీర్జాదిగూడ ఊరికి ఒక కొస, అది ఇంకో కొస. పెందలాడే వంట ముగించి, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, ఎర్రమంజిల్‌లో దిగి ఆటోలో వెళ్ళాం. ఆరోజు నీటి ఎద్దడి మీద తీసిన డాక్యుమెంటరీ చూపించి, చర్చ పెట్టారు. నేను నోరు విప్పలేదు. నా పక్కనున్న పెద్దావిడ లేచి, "అందరినీ మాట్లాడించారు, నీళ్ళు మోసే ఆమెను ఒక్క మాటా అడగలేదేం?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు డిగ్రీ అక్కర్లేదు. బిందె మోసినవాళ్ళకు అది తోస్తుంది.

ఇంటికొచ్చి అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆ ఆదివారం తనే ఆ సినిమా పెట్టి, "చూసి చెప్పమ్మా, ఇందులో తప్పెవరిది?" అంది.

అయితే అత్తగారి మందులు, పిల్లల బడి వదిలి వారంవారం అంతదూరం వెళ్ళగలమా? వెళ్ళలేం. అందుకే బడినే మన వీధికి తెచ్చుకోవాలి. మనకిది కొత్తకాదు. దుర్గాబాయమ్మగారు 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు ఆగిపోయిన ఎందరో స్త్రీలను మెట్రిక్‌కు తయారుచేసింది. మెట్రిక్ అయినవాళ్ళం, ఈ కాలాన్ని చదవడానికి మనమూ తయారుకావద్దూ?

మేం అయిదుగురం బుధవారం మధ్యాహ్నాలు ఒకరింట్లో కూర్చుంటున్నాం. టీఖర్చుకు తలా పది రూపాయలు. ఒక వారం కొత్త కథ, ఒక వారం సినిమా. తెలియనిది కాలేజీ పిల్లల్ని పిలిచి చెప్పించుకుంటాం. నియమాలు రెండే. "నాకు తెలియదు" అనడానికి సిగ్గుపడకూడదు. "నీకు అర్థం కాదు" అని ఎవరినీ అనకూడదు.

మీ వీధిలోనూ ఓ చాప పరచి చూడండి.