పాసుబుక్కులోని తాత, నెమలి టోపీలోని తాత



సంఘం వాళ్లు నన్ను కంప్యూటర్ బొమ్మల గురించి మాట్లాడమన్నారు. ఉపన్యాసాలు నాకు రావు. నేను వేసిన ఒక్క బొమ్మ గురించి చెప్తాను.

మా తాత గుస్సాడీ. నేను పుట్టకముందే పోయిండు. ఇంట్లో ఆయనది ఒక్కటే ఫోటో, బ్యాంకు పాసుబుక్కుకు అంటించింది. దాని మీద గుండ్రటి ముద్ర పడి ఎడమ చెంప సగం కనబడదు. నెమలి టోపీలో ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. మీరు ఫోన్లో ఆడే ఆటల్లో వీరులు ఉంటారు కదా, అట్లా తాతను వేయాలని నా కోరిక.

మొదటిసారి రెండు నెలలు కష్టపడ్డాను. చేతిలో నిప్పులు కక్కే కత్తి పెట్టాను. కళ్లలో నీలి వెలుగు, వెనుక మెరుపులు. చెంప మీది అమ్మవారి మచ్చలు తుడిచేశాను. ఒంటి రంగు కూడా కొంచెం తేల్చాను. ఎందుకు తేల్చానంటే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు, చెయ్యి దానంతట అదే అటు పోయింది. అవ్వకు చూపిస్తే చాలాసేపు చూసి, "మంచిగున్నది బిడ్డా. ఎవరిది?" అన్నది.

ఆ బొమ్మ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి క్రిటాలో వేశాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్లో ఐబిస్‌పెయింట్‌తో మొదలుపెట్టవచ్చు, నేనూ అట్లనే మొదలుపెట్టాను.

ముందు రంగులు వద్దు, నలుపు తెలుపుల్లోనే ముఖం నిలబెట్టాలి. వెలుగు ఎటునుంచి వస్తున్నదో ఫోటోలో చూసి, బొమ్మ మొత్తానికీ అదే పట్టుకోవాలి. ముఖానికి కుడి నుంచి, టోపీకి ఎడమ నుంచి వెలుగు పడితే తల తెచ్చి అతికించినట్టు ఉంటుంది. ముద్ర కింద పోయిన చెంప కోసం మొదట కుడి చెంపనే తిప్పి అతికించాను. మనిషి ముఖం రెండు వైపులా ఒక్కటిగా ఉండదు. తాత బొమ్మలా తయారైండు గానీ తాత కాలేదు. మా మేనత్తది అచ్చం తాత పోలిక. ఆమెను గుమ్మంలో, ఫోటోలో పడిన వైపు నుంచే వెలుగు పడేటట్టు కూర్చోబెట్టి, ఐదారు అడుగుల దూరంలో నిలబడి జూమ్ చేసి తీశాను. దగ్గరికి పోయి తీస్తే ఫోన్ కెమెరా ముక్కును పెద్దది చేసి చెవులను వెనక్కి నెడుతుంది. తాత చెంప అట్లా మేనత్త దగ్గర దొరికింది.

మన ఒంటి రంగు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, నేను తప్పు చేసింది అక్కడే. నీడలో నలుపు పూసి, వెలుగులో తెలుపు పూస్తే మనిషి బూడిద రంగుకు తిరుగుతాడు. నల్లటి చర్మం నీడలో ఎర్రమట్టి రంగు ఉంటుంది. నుదురు మీద, చెంప ఎముక మీద వెలుగు చిన్నగా, పదునుగా మెరుస్తుంది. ఆరుబయట అయితే ఆ మెరుపులో ఆకాశం నీలం కూడా కలుస్తుంది. ఫోటో తీసేముందు ఫోన్లో బ్యూటీ ఫిల్టర్ ఆపండి, లేకుంటే ఈ రంగులన్నీ అక్కడే పోతాయి.

టోపీ ఇంకో కథ. నెమలి ఈకలో నీలం రంగు పదార్థమే ఉండదు. ఈక నిర్మాణం మీద వెలుగు పడే తీరుతో ఆ రంగు పుడుతుంది, అందుకే కోణం మారితే రంగు మారుతుంది. ప్రతి ఈకనూ వేయబోయి నేను వారం పోగొట్టుకున్నాను. ముందు వరుసలో కొన్ని కన్నులు స్పష్టంగా వేసి, మిగతాది ముదురు ముద్దగా వదిలితే చాలు. టోపీ కట్టు, కొమ్ములు ఎట్లుంటాయో తెలుసుకోవడానికి మార్లవాయి కనకరాజు గారి ఫోటోలు చూశాను. 2021లో గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చిన మనిషి, 2024లో మనల్ని విడిచిపోయారు. ఒక యాప్‌లో "గిరిజన రాజు" అని రాస్తే మాత్రం అమెరికా ఆదివాసుల ఈకల టోపీ తెచ్చి పెట్టింది!

వేసింది తీసుకుపోయి మా గూడెంలో ఒక పాత గుస్సాడీకి చూపించాను. దండారి అయిపోయేదాకా స్నానం చేయని నిష్ఠ తెలిసిన మనిషి. "కత్తి ఎవరిచ్చిండ్రు? మన చేతిలో కర్ర ఉంటది" అన్నడు. కత్తి తీసేశాను. ఒంటి మీద బూడిద, మేకతోలు పెట్టాను. కళ్లలో నీలి వెలుగు ఉంచుకోవచ్చా అని అడిగితే నవ్విండు. కొంచెం ఉంచాను.

1940లలో హైమన్‌డార్ఫ్ మన గూడేల్లో తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. వాటిని చూసి నేర్చుకోండి. కానీ ఏ ముఖమైనా వేసి నలుగురికీ పంపేముందు ఆ ఇంటివాళ్లు ఎవరో వెతికి అడగండి.

రెండో బొమ్మ చూసినప్పుడు అవ్వ ఏమీ అనలేదు. చెంప మీది మచ్చలు తడమబోయింది. వేలు తగిలి స్క్రీన్ జరిగి బొమ్మ పక్కకు పోయింది. "అరే, ఎటు పోయిండు?" అన్నది. తరువాత ఏ3 కాగితం మీద అచ్చు వేయించాను. గోడకు ఉంటే జరగదు కదా.

మధ్యాహ్నం భోజనాలైనంక ఇక్కడే ఉంటాను. ఇండ్లల్లో పాసుబుక్కులు, పాత రేషన్ కార్డులు ఉంటే తీసుకురండి. ఫోటో పీకవద్దు, చిరుగుతుంది. అట్లనే తెస్తే స్కాన్ చేసి ఇస్తాను.