కండె చుట్టిన చేతులు
(కొల్లాపూర్ సభలో చేసిన ప్రసంగం)



గోరటి వెంకన్న గారు మనకు పరాయివారు కాదు. 1963లో ఈ పాలమూరు గడ్డమీదనే, గౌరారంలో పుట్టారు. పాట తానే కడతారు, తానే ఆడుతూ పాడతారు. 2021లో ‘వల్లంకి తాళం’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయితే 2002లో ‘కుబుసం’ సినిమాకెక్కిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటతోనే ఆయన ఇంటింటికీ తెలిశారు.

కుమ్మరి, కమ్మరి, సాలె వృత్తులు ఎట్లా కూలిపోయాయో ఆ పాట చెప్తుంది. అది వింటే మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు. మంచిదే. నేనడిగేది వేరు. సాలె మగ్గానికి కండెలు చుట్టిందెవరు? కమ్మరి కొలిమికాడ తిత్తి ఊదిందెవరు? మట్టి తొక్కి, కుండలు నెత్తికెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మిందెవరు? వృత్తి పేరు చెప్పగానే మనకు మగమనిషే కళ్లముందుకొస్తాడు. ఇది పాట తప్పు కాదు, మన అలవాటు. మగ్గం ఆగితే ఆమెకూ పని పోయింది. కాని ఆమెను ‘నేతగాని భార్య’ అనే రాసుకుంటాం, నేతపనిమనిషి అని రాయం.

ఈసారి ఊర్లో ఆ పాట పాడినాక, చేనేత సొసైటీ రిజిస్టరు అడగండి. ఎందరు ఆడవాళ్ల పేర్లున్నాయో రాసుకుని రండి. గుర్తింపు కార్డుల దరఖాస్తులు అక్కడినుంచే మొదలుపెడదాం.